దినమునకు ఒక మాట: శ్రమకాల ధ్యానములో పదముల వినియోగము

శ్రమకాలము సమీపించేసరికి సంఘకాపరుల యెదుట ప్రతి సంవత్సరము ఒకే ప్రశ్న నిలుస్తుంది: ఈసారి ఏమి చేయాలి? భస్మ బుధవారపు ఆరాధన, శుక్రవారపు ఉపవాస కూటములు, ఇంటింటి ప్రార్థనలు, చివరకు శుభ శుక్రవారమున ఏడు మాటలు, ఇవన్నీ జరుగుతాయి. జరగవలసినవే. అయితే వీటన్నిటిలో మాట్లాడేది ఒకరు, వినేది మిగిలినవారు. విన్నవారు ఆ విన్నదానితో ఏమి చేస్తున్నారో మనకు తెలియదు. ఈ లోటును తీర్చుటకు కొన్ని సంఘములు ఇటీవలి కాలములో ఒక పద్ధతిని చేపట్టినవి. దినమునకు ఒక పదమును ఇచ్చి, దానిపై విశ్వాసులచేత తమకు చేతనైన రీతిగా ధ్యానము చేయించుట ఆ పద్ధతి. దానిని ఈ వ్యాసములో పరిశీలిద్దాము. దాని మేలుతో పాటు నేను చేసిన పొరపాట్లను గూర్చి కూడ వ్రాయవలసి ఉన్నది.

పద్ధతి చాల సులభము. భస్మ బుధవారము మొదలు పరిశుద్ధ శనివారము వరకు 46 దినములు. వాటిలో ఆరు ఆదివారములను మినహాయిస్తే 40. ఈ 40 దినములకు పదముల పట్టిక ఒకటి తయారుచేస్తారు. ప్రతి ఉదయము ఆ దినపు పదమును గుడి ముందున్న నల్లబల్లమీద వ్రాస్తారు, లేదా వాట్సాప్‌లో పంపుతారు. విశ్వాసి ఆ పదమును మనస్సులో పెట్టుకొని పగలంతా తన పని తాను చేసుకుంటాడు. సాయంకాలమునకు ఏదో ఒకటి తీసుకువస్తాడు. అది నాలుగు వాక్యములు కావచ్చు, బొమ్మ కావచ్చు, ఫోనుతో తీసిన ఫొటో కావచ్చు, కీర్తన బాణీలో కట్టిన చరణము కావచ్చు, నోటిమాట కూడ కావచ్చు. అమెరికాలో యునైటెడ్ మెథడిస్టు సంఘము వంటివి 2010 తరువాతి సంవత్సరములలో ఇటువంటి పట్టికలను ప్రచురించి, పదమునకు తగిన ఛాయాచిత్రములను పంచుకొనుమని విశ్వాసులను ప్రోత్సహించినవి. అక్కడినుండి ఈ పట్టికలు మన దేశపు పట్టణ సంఘములకు కూడ చేరినవి.

నాకును అటువంటి పట్టిక ఒకటి దొరికినది. దానిని తెలుగు చేసి మా సంఘములో ఇచ్చాను. మొదటి వారము గడవకముందే ఆ ప్రయత్నము చతికిలబడినది. రెండవ దినపు పదము "దుర్బలత్వము". ఒక పెద్దమ్మగారు ఆ మాటను పక్కవారిచేత చదివించుకొని, "ఏం జబ్బు అయ్యగారూ ఇది?" అని అడిగారు. మరునాటి పదము "నిశ్చలత". ఆ దినమున ఎవరును ఏమియు తీసుకురాలేదు. నిజమునకు నిశ్చలత అంటే అదే గదా అని నా భార్య నవ్వినది. ఆంగ్లములో ఈ పదములు అనుదినము నలిగే మాటలు. నేను చేసిన తెలుగులో అవి నిఘంటువు మాటలైపోయినవి. మన సంఘములలో ఎవరును ఆ మాటతో ఏడ్వలేదు, ఆ మాటతో పోట్లాడలేదు. అటువంటి మాట ధ్యానమునకు గింజ కాజాలదు.

ఐదవ దినపు పదము "అరణ్యము". ఇది మన బైబిలులోని మాటే గనుక ఇబ్బంది ఉండదనుకున్నాను. సండేస్కూలు పిల్లలు ఉత్సాహముగా బొమ్మలు వేసి తెచ్చారు. దట్టమైన చెట్లు, ఒక పులి, కొండమీదినుండి దూకే జలపాతము. యేసు ప్రభువు ఒక మఱ్ఱిచెట్టు నీడలో హాయిగా కూర్చున్నారు. పిల్లలను సరిదిద్దబోయి ఆగిపోయాను. మత్తయి 4వ అధ్యాయముపై అప్పటికి ఎన్ని ప్రసంగములు చేశానో లెక్కలేదు. ఆ అరణ్యము ఎటువంటిదో ఒక్కసారియైనను చెప్పలేదు.

గ్రీకు మూలములోని "ఎరేమోస్" అనగా జనసంచారము లేని పాడు ప్రదేశము. సంస్కృతములో "అరణ్య" శబ్దమునకు ఊరికి వెలుపలి బీడు అను అర్థము కూడ కలదు గనుక మన అనువాదకులు తప్పు చేయలేదు. కాని నేటి తెలుగువాని చెవికి అరణ్యము అంటే అడవియే. దానితోపాటు రామాయణములోని అరణ్యవాసము, ఋషుల తపస్సు, ఆశ్రమములు కూడ మనస్సునకు వస్తాయి. యూదయ అరణ్యము అటువంటిది కాదు. సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల ఎత్తున ఉన్న యెరూషలేమునుండి, సముద్రమట్టమునకు 430 మీటర్ల దిగువన ఉన్న మృతసముద్రము వరకు దాదాపు 25 కిలోమీటర్లలో నేల జారిపోతుంది. ఆ వాలు అంతా రాళ్లు, సున్నపురాతి గుట్టలు, ఎండిన వాగులు. అక్కడ నీడ లేదు. అపవాది రాళ్లనే చూపించి రొట్టెలు చేయమనుటలో ఆశ్చర్యము లేదు. చూపించుటకు అక్కడ మరేమున్నది? అనంతపురము జిల్లానుండి వచ్చిన ఒక విద్యార్థికి ఈ సంగతి చెప్పినప్పుడు, "మా ఊరి గుట్టల వెనుక ఉన్నదానిని మీరు వర్ణిస్తున్నారు" అన్నాడు. కొన్ని ఇటీవలి అనువాదములు "ఎడారి" అని వాడినవి. ఆ మాటకు మన పిల్లలు ఇసుకదిబ్బలు, ఒంటెలు వేస్తారు. అదియు సరి కాదు.

ఆ బొమ్మలు నాకు నేర్పినది ఇది. ఒక పదమును ఇచ్చినప్పుడు విశ్వాసి మనస్సులో అప్పటికే ఉన్నది బయటికి వస్తుంది. ప్రసంగము వింటూ తల ఊపినప్పుడు అది మనకు కనబడదు. కాబట్టి ఈ అభ్యాసము విశ్వాసికి ధ్యానమైతే, కాపరికి పరీక్ష. మన బోధ ఎంతవరకు చేరినదో అది చూపిస్తుంది.

ఈ పద్ధతి క్రొత్తదని కొందరు, పాశ్చాత్యమని కొందరు అభ్యంతరము చెప్పవచ్చును. నాలుగవ శతాబ్దములో ఐగుప్తు ఎడారిలో నివసించిన సన్యాసులయొద్దకు యౌవనస్థులు వెళ్లి, తాము పట్టుకొని బ్రదుకుటకు ఒక మాట ఇమ్మని అడిగేవారు. పెద్దవాడు ఇచ్చేది ప్రసంగము కాదు, చిన్న మాట. దానిని తీసుకొనిపోయి ఆ యౌవనస్థుడు నెలల తరబడి నమిలేవాడు. యోహాను కాస్సియన్ ఐదవ శతాబ్దములో కీర్తన 70లోని మొదటి వచనమును ఒక్కదానినే ఎడతెగని ప్రార్థనగా నేర్పాడు. ఇక మన ఏడు మాటల ఆరాధన సంగతి చూడండి. సిలువమీద పలికిన ఏడు మాటలపై మూడు గంటలసేపు ధ్యానించు ఈ ఆచారమును 17వ శతాబ్దపు చివర పెరూ దేశములోని లీమా నగరములో అలోన్సో మెస్సియా అను జెస్విట్ గురువు ప్రారంభించాడు. నేడు అది తెలుగు సంఘములన్నిటి సొంత ఆస్తి అయినది. మొదటి మాటకు నలభై నిమిషములు, ఏడవ మాటకు మిగిలిన పది నిమిషములు అనే మన అలవాటు మాత్రము లీమానుండి వచ్చినది కాదనుకుంటాను.

తెలుగువారికి మరింత దగ్గరి పోలిక ఉన్నది. అవధానములో "దత్తపది" అను అంశము కలదు. దత్తము అనగా ఇవ్వబడినది. పృచ్ఛకుడు ఒకదానికొకటి పొంతన లేని నాలుగు పదములు ఇస్తాడు. అవధాని వాటన్నిటిని ఇమిడ్చి, చెప్పిన విషయముపై, చెప్పిన ఛందస్సులో పద్యము చెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూర తిరిగి ప్రజలలోనికి తెచ్చారు. ఇచ్చిన మాటకు లోబడుతూనే స్వేచ్ఛగా పలుకుట మనకు పరాయి విద్య కాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలను పాడుకుంటున్న సంఘమునకు, "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన జాషువా భాషను మాట్లాడే సంఘమునకు, సృజన అంటే భయము ఉండనక్కరలేదు. కాని భేదము ఒకటి ఉన్నది. దత్తపది సభ యెదుట ప్రజ్ఞ చూపుటకు. శ్రమకాలపు మాట చూపుటకు కాదు. మా సంఘ కార్యదర్శిగారు రెండవ సంవత్సరము ఉత్తమ రచనకు బహుమతి పెడదామన్నారు. చాల కష్టముమీద ఆపగలిగాను.

రెండవ సంవత్సరము పట్టికను ఆంగ్లమునుండి తీసుకోలేదు. ఆయా ఆదివారపు పాఠములనుండి, మన తెలుగు బైబిలునుండి, మా వీధిలోనుండి తీసుకున్నాము. అప్పుడు పైకి వచ్చిన మొదటి మాట ఈ కాలమునకు మనము పెట్టుకున్న పేరే: శ్రమ.

దీనిని కొంచెము నిదానముగా చూడాలి. మన బైబిలులో "శ్రమ" అనగా బాధ, హింస, ఇక్కట్లు. రోమా 5:3లో, 8:18లో, హెబ్రీ 5:8లో ఈ మాట వచ్చేది ఆ అర్థములోనే. కాయకష్టమునకు మన బైబిలు "ప్రయాసము" అను మాట వాడినది. మత్తయి 11:28 చూడండి, 1 కొరింథీ 15:58 చూడండి. గుడి వెలుపల సంగతి వేరు. అక్కడ శ్రమ అంటే పని. శ్రామికులు, శ్రమదానము, శ్రమ దోపిడి. గుడిలో "క్రీస్తు శ్రమలు" అని విన్న కూలి మనిషి చెవిలో ఏ అర్థము మ్రోగుతున్నదో మనము ఎన్నడైనా అడిగామా?

శ్రమకాలము మిరపకోతల కాలములో వస్తుంది. గుంటూరు, ఖమ్మము ప్రాంతములలో ఆ నెలలలో స్త్రీలు తెల్లవారకముందే ఆటోలలో చేలకు పోతారు. సాయంకాలపు కూటమునకు వచ్చేసరికి చేతులు మండుతూనే ఉంటాయి. మా సంఘములో "శ్రమ" అను పదమును ఇచ్చిన దినమున వారిలో ఒకామె ఏమియు వ్రాయలేదు; ఆమెకు వ్రాత రాదు. రెండు అరచేతులు చాపి, "ఇదేనయ్యగారూ నాది" అన్నది. వేళ్లు ఎఱ్ఱగా ఉబ్బి ఉన్నవి. చిన్న బిడ్డను ఎత్తుకోవాలంటే కూడ భయమేనని, బిడ్డ కంటికి తగిలితే రాత్రంతా ఏడుస్తాడని చెప్పినది. అంతవరకు నేను సిద్ధపరచుకున్న మాటలు, క్రీస్తు శ్రమకును మన దైనందిన కష్టమునకును గల వేదాంతపరమైన భేదము మొదలైనవి, ఆ చేతుల ముందు నిలువలేదు.

అయితే ఆ భేదము నిజమైనది. దానిని చెరిపివేయకూడదు. కూలి మనిషి కష్టమంతా సిలువయే అంటే, తక్కువ కూలి ఇచ్చే రైతుకు మనము మేలు చేసినట్లవుతుంది. ఓర్చుకొమ్మని దేవుడే చెప్పినట్లవుతుంది. అట్లని రెండింటికి సంబంధమే లేదంటే, వడ్లవాని కుమారుడు మన చేతులను ఎరుగనివాడైపోతాడు. ఆ వారమంతా మా సంఘములో ఇదే చర్చ. యౌవనస్థులు యాకోబు 5:4ను బయటికి తీశారు. చేను కోసినవారి కూలి బిగపట్టిన సంగతి అక్కడ ఉన్నది. ఒక్క మాట ఇంత దూరము తీసుకొనిపోతుందని నేను అనుకోలేదు. స్త్రీలు ఎఱ్ఱమన్ను నీళ్లలో కలిపి, అరచేతులు ముంచి, ఒక పాత తెల్ల దుప్పటిమీద ముద్రలు వేశారు. శుభ శుక్రవారమున ఆ దుప్పటిని బల్ల వెనుక వ్రేలాడదీశాము. ఇద్దరు పెద్దలకు అది నచ్చలేదు. గుడిలో మురికి గుడ్డ ఏమిటని అడిగారు. వారికి నేను ఇచ్చిన జవాబు సరిపోయినదని ఇప్పటికీ అనుకోను.

మరియొక మాటను గూర్చి చెప్పుటకు కొంచెము సంకోచముగా ఉన్నది గాని చెప్పక తప్పదు. మార్కు 5:25-34లో రక్తస్రావముగల స్త్రీ యేసు వస్త్రమును ముట్టినది. ఆ పాఠమునుండి "ముట్టు" అను పదమును నేను అమాయకముగా పట్టికలో పెట్టాను. నల్లబల్లమీద దానిని చూచి యౌవనస్థులు తలలు దించుకున్నారు, స్త్రీలు ముసుగులు సర్దుకున్నారు. తెలుగులో ఆ మాట స్త్రీలకు నెలనెల వచ్చేదానికి పేరు అని నాకు తెలియక కాదు, తోచక. స్త్రీల మైత్రికూటమునందు నా భార్య దానిని చేపట్టినది. నేను అక్కడ లేను, ఉండకూడదు. తరువాత ఆమె నాతో చెప్పినంతవరకు చెబుతాను. ఆ దినములలో ప్రభువు బల్లకు రాకుండా వెనుక కూర్చుంటున్న స్త్రీలు మా సంఘములో ఐదుగురు ఉన్నారట. ఎవరును వారిని ఆపలేదు, తల్లులు నేర్పినది. లేవీయకాండము 15 ప్రకారము ముట్టుకొనరాని స్త్రీయే ముట్టినదని, ప్రభువు ఆమెను అందరియెదుట కుమారీ అని పిలిచాడని ఆ సాయంకాలము వారు చదువుకున్నారు. "ముట్టు", "ముట్టుకోవద్దు" అను రెండు మాటలు ఒకే నోటినుండి వినుచు పెరిగినవారికి ఆ పాఠము వ్యాఖ్యాన గ్రంథములు చెప్పనిది చెప్పినది. మాల మాదిగ పల్లెలనుండి వచ్చిన మన సంఘములకు "ముట్టుకోవద్దు" అను మాటలో ఇంకొక చరిత్ర కూడ ఉన్నది. దానిని వివరించనక్కరలేదు.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరము. గ్రీకు క్రియయైన "హాప్టొమై"కి, నెలసరికి ఏ సంబంధమును లేదు. ఆ సంబంధము తెలుగులోనిది. జేమ్స్ బార్ 1961లో ప్రచురించిన "బైబిలు భాషా అర్థవిజ్ఞానము" అను గ్రంథములో, పదముల వ్యుత్పత్తినుండి వేదాంతమును పిండే అలవాటును గట్టిగా ఖండించాడు. పదమునకు అర్థము వాక్యములో ఉన్నది, ధాతువులో కాదు. ఉప అనగా సమీపము, వాసము అనగా నివాసము, కాబట్టి ఉపవాసమనగా దేవునికి సమీపముగా నివసించుట అని మనము ఎన్నిసార్లు వినలేదు? అది సంస్కృత శబ్దమును గూర్చిన మాట. యెషయా 58ని వ్రాసినవానికి ఆ శబ్దము తెలియదు. ధ్యానమునకు అది మంచి ద్వారము కావచ్చును. వ్యాఖ్యానమునకు ఆధారము కాజాలదు. ఈ రెండింటిని కలిపివేయుటయే ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదము.

యోహాను 4ను ఉదాహరణగా తీసుకుందాము. సమరయ స్త్రీ బావిలో నీళ్లు చేదుకొనుటకు వచ్చినది. మా విద్యార్థులలో ఒకడు "చేదు" అను పదముపై వ్రాస్తూ, నీళ్లు చేదుట, నోటికి చేదు అనునవి ఒకే ధ్వనిగా వినబడుటను పట్టుకొని, ప్రతి మధ్యాహ్నము ఆమె చేదుకొన్నది చేదునే అని ఒక చిన్న గేయము వ్రాశాడు. నిర్గమకాండము 15లోని మారా నీళ్లు, పస్కా భోజనపు చేదు కూరలు, మన ఉగాది పచ్చడిలోని వేపపువ్వు అన్నీ అందులోనికి వచ్చినవి. ఉగాది తరచుగా శ్రమకాలములోనే గదా వచ్చేది. గేయము బాగున్నది. ఆదివారము అతడు దానినే వాక్యార్థముగా ప్రసంగించబోగా ఆపి, ముందు పాఠమును పాఠముగా చదివి, తరువాత గేయమును తన సాక్ష్యముగా చదువుమన్నాను. అలాగే చేశాడు.

రెండవ ప్రమాదము మన సంఘములకే ప్రత్యేకమైనది. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డులు తీయుట మనకు అలవాటు. తీసిన కార్డు సంవత్సరమంతటికి దేవుడు తనకు వ్రాసినదని చాలమంది నమ్ముతారు. దినపు పదమును కూడ అలాగే తీసుకుంటారు. "సమాధి" అను పదము వచ్చిన దినమున ఆసుపత్రిలో ఉన్న భర్తకు ఏమవుతుందోనని ఒక సహోదరి పగలంతా వణికిపోయినది. అప్పటినుండి మొత్తము పట్టికను భస్మ బుధవారమునాడే చదివి, వీటిని ఎన్నుకున్నది మేము నలుగురము, ఈ గదిలో కూర్చొని ఎన్నుకున్నాము అని చెబుతున్నాము.

వ్రాయుట, గీయుట రానివారికి ఏమి చెప్పాలి? మార్టిన్ లూథరు 1535లో తన మంగలియైన పేతురు బెస్కెన్‌డోర్ఫ్ అడిగినందున ప్రార్థనను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాశాడు. అందులో ఒక్కొక్క ఆజ్ఞను తీసుకొని నాలుగు పేటల దండగా అల్లుమన్నాడు: ఇది నాకు ఏమి నేర్పుతున్నది, దేనికి స్తుతి చెల్లించాలి, ఏమి ఒప్పుకోవాలి, ఏమి అడగాలి. దీనిని పదమునకు కూడ వాడవచ్చును. "కుండ" అను పదమును మా గుడి శుభ్రము చేసే తాత ఈ నాలుగు పేటలతో నోటిమాటగా ధ్యానించాడు. ఒప్పుకోలు దగ్గరకు వచ్చేసరికి, వేసవిలో తన యింటి ముందు పెట్టిన కుండనుండి ఎవరు త్రాగవచ్చునో ఎవరు త్రాగకూడదో తానే లెక్క చూచిన ఒక పాత సంగతి చెప్పాడు. అటువంటిది బయటికి వచ్చినప్పుడు వాట్సాప్‌లో పెట్టకూడదు. ఒకసారి మేము అలా పెట్టి ఒక కుటుంబమును నొప్పించాము. నెలల తరబడి వారు గుడికి రాలేదు.

లూథరు మంగలిని గూర్చి మిగిలిన కథ కూడ చెప్పాలి. అదే 1535లో, పునరుత్థాన పండుగకు ముందు దినము, పేతురు తన అల్లుని యింటికి భోజనమునకు వెళ్లాడు. ఏ ఆయుధమును తనను తాకలేదని గొప్పలు చెప్పుకున్న ఆ సైనికుని త్రాగిన మైకములో కత్తితో పొడిచాడు. అల్లుడు చనిపోయాడు. లూథరు మొదలైనవారు కల్పించుకొనగా ప్రాణము దక్కినది గాని, విట్టెన్‌బర్గు విడిచి పోవలసి వచ్చినది. ప్రార్థనను గూర్చి సంఘ చరిత్రలో వ్రాయబడిన మంచి పుస్తకములలో ఒకటి ఎవరికొరకు వ్రాయబడినదో అతని సంగతి ఇది. నేను ఈ పద్ధతిని విద్యార్థులకు నేర్పినప్పుడెల్ల ఈ కథను వదలకుండా చెబుతాను.

ఆ శనివారమునకు మేము పదము ఇవ్వము. 40 దినములకు 39 పదములే. క్రీస్తు సమాధిలో ఉన్న దినమున సంఘము కూడ మాట లేకుండ ఉండుట మంచిదని మా అభిప్రాయము. ఆ ఉదయము నల్లబల్లను తడిగుడ్డతో తుడిచి అలాగే వదిలివేస్తాము. క్రిందటిసారి ఎనిమిదేండ్ల పిల్లవాడు వచ్చి చాలసేపు ఖాళీ బల్లను చూచి, మరచిపోయామనుకొని, సుద్దముక్క ఇవ్వండి నేను వ్రాస్తానన్నాడు. ఇవ్వలేదు. మరునాడు తెల్లవారుజామున నాలుగున్నరకు, సమాధుల తోటకు వెళ్లేముందు, రమ్మన్నాను.